సన్మాన పత్రంలో ‘సైటేషన్లు 11,412’ అని ఉండాలట. దీన్ని తెలుగులో ఏమని రాయాలి?

పెన్నాగట్టు అయ్యవారు (జమ్మలమడుగు)

అందరికీ నమస్కారం. నేను జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె హైస్కూల్లో 28 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ సంక్రాంతికి మా బడి పాత పిల్లలంతా కలుస్తున్నారు. అందులో ఒకడికి సన్మానం. ఒకడు అన్నానని తప్పు పట్టుకోవద్దు, నోటి అలవాటు. ఇప్పుడు వాడికి యాభై దాటాయి. అమెరికాలో క్యాన్సర్ మీద పరిశోధన చేస్తున్నాడు. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బొరుగుల పొట్లం విప్పి, ఆ కాగితం మీద కప్ప గుండె బొమ్మ గీసి నాకు తెచ్చి చూపించినవాడు. నేను తెలుగయ్యవారిని, నాకెందుకురా కప్ప గుండె అంటే ‘సైన్సు సారు సెలవు సార్’ అన్నాడు.

సన్మాన పత్రం రాసే పని నా నెత్తిన పెట్టారు. ఒక సీసం, కింద ఆటవెలది, ఆ తర్వాత వచనంలో రెండు పేరాలు. పద్యాల పని ఒక పూటలో అయిపోయింది. వచనం దగ్గరే బండి దిగబడింది.

కమిటీ పిల్లలు వాడి గూగుల్ స్కాలర్ పేజీని (పరిశోధకుల రాతలూ వాటి లెక్కలూ చూపే చోటట) ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అందులో మూడు అంకెలున్నాయి. సైటేషన్లు 11,412. హెచ్-ఇండెక్స్ 43. ఐ10-ఇండెక్స్ 71. ఇవి పత్రంలోనూ ఫ్లెక్సీలోనూ తప్పకుండా రావాలట. ఫ్లెక్సీ వేసే అబ్బాయి నన్ను అడక్కుండానే ఒక నమూనా చేసి పంపాడు. ‘11,412 పరిశోధనలు చేసిన మహా శాస్త్రవేత్త, ప్రపంచంలో 43వ ర్యాంకు’ అని బంగారు అక్షరాలు, వెనకాల గండికోట. నాకు లెక్కలు అంతంత మాత్రమే గానీ, వాడు ఈ పనిలో ఉన్నది పాతికేళ్లు. పాతికేళ్లకు రోజులు 9,125. ఆదివారమూ పండగా లేకుండా రోజుకొక పరిశోధన చేసినా 11,412 కాదు. ఇందులో ఏదో తిరకాసు ఉందని ఫ్లెక్సీ ఆపించాను.

దీనికి తోడు ఒక పేపర్ కటింగ్. ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన జిల్లా వాసి’ అని. కమిటీలో ఒకాయన దాన్ని ‘స్టాన్‌ఫర్డ్ అవార్డు గ్రహీత’గా మార్చేశాడు.

ఇంతకీ సైటేషన్ అంటే ఏమిటండీ? నిఘంటువులో ‘ఉల్లేఖన’ అని ఉంది, దాని పక్కనే కోర్టు సమన్లు అని కూడా ఉంది. పోలీసాయనకు పతకం ఇచ్చేటప్పుడు చదివేది కూడా సైటేషనేనని మా అల్లుడు అంటాడు. ఆ హెచ్ ఏమిటో, ఆ పది ఏమిటో దేవుడికే తెలియాలి. ‘క్యాన్సర్‌కు మందు కనిపెట్టిన’ అని రాయాల్సిందేనని ఊళ్లో ఒక పెద్దమనిషి పట్టు. ‘యల్లాప్రగడ సుబ్బారావు గారి తర్వాత మళ్లీ వీడే’ అని ఇంకొకరు. రాయడానికి నాకేం, కలం నాది, కాగితం కమిటీది. కానీ ఆ పత్రం వాడి చేతికిస్తే వాడు పైకి దండం పెట్టి లోపల నవ్వుకోకూడదు. నా బాధ అదొక్కటే.

వాడినే అడగొచ్చు గదా అంటారేమో. సన్మానం సంగతి వాడికి ఇంకా చెప్పలేదు. చెబితే రానంటాడని భయం.


పాత లైబ్రేరియన్ (అనంతపురం)

అయ్యవారూ, ఫ్లెక్సీ ఆపి మంచి పని చేశారు. నేను అనంతపురంలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో 30 ఏళ్లున్నాను, అందులో సగం సైన్సు పత్రికల సెక్షన్లోనే. కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

మీరు పండితులు గనక మీ దారిలోనే వస్తాను. లక్షణ గ్రంథం రాసేవాడు ఒక సూత్రం చెప్పి, దాని కింద తిక్కన పద్యమో నన్నయ పద్యమో చూపించి ‘ఇదిగో కవి ప్రయోగం’ అంటాడు గదా. ఆ చూపించడమే సైటేషన్. మన కడపలో కొలువు చేసిన బ్రౌన్ దొర 1852లో అచ్చేయించిన నిఘంటువు తీయండి. మాట పక్కన అది ఎవరి పద్యంలో ఉందో పొట్టి గుర్తు ఒకటి ఉంటుంది. అందులో వేమన గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే, ఆ నిఘంటువు వరకు వేమన సైటేషన్లు అవి. వేమన అన్ని పద్యాలు రాశాడని కాదు, బ్రౌన్‌కు వేమనతో అన్నిసార్లు పనిపడిందని. 11,412 కూడా అంతే. మీ శిష్యుడు రాసిన పేపర్లు, అంటే పత్రికల్లో అచ్చయిన పరిశోధన వ్యాసాలు, బహుశా వందో నూట ఇరవయ్యో ఉంటాయి. తర్వాతి పేపర్లలో వాటిని చూపించినది 11,412 సార్లు.

ఇందులో ఒక మెలిక ఉంది. లక్షణకారుడు పద్యాన్ని ఎప్పుడూ మెచ్చుకోడానికే చూపించడు. యతిభంగానికీ, దుష్టసమాసానికీ కూడా ఉదాహరణ పెడతాడు. ఈ లెక్కలో రెండూ ఒకటే. ‘ఫలానావారు చెప్పింది మా ప్రయోగంలో నిలవలేదు’ అని రాసినా, ఆ ఫలానావారి ఖాతాలో ఒకటి జమ.

మీరన్న కోర్టు వాసన ఆ మాటకు ఊరికే రాలేదు. ఈ లెక్కను మొదలుపెట్టిన యూజీన్ గార్ఫీల్డ్‌కు ఊహ లాయర్ల దగ్గరే దొరికింది. ఒక తీర్పును తర్వాతి తీర్పుల్లో ఎక్కడెక్కడ ప్రస్తావించారో చూపే షెపర్డ్స్ పుస్తకాలు అమెరికాలో 19వ శతాబ్దం నుంచి ఉన్నాయి. అదే పద్ధతి సైన్సుకు పెడితే ఎట్లుంటుందని గార్ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో రాసి, 1964లో ఫిలడెల్ఫియా నుంచి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ సంపుటాలు తెచ్చాడు. ఒక పేపర్ చదివినవాడు, ఆ తర్వాత అదే దారిలో ఎవరెవరు నడిచారో వెతుక్కోవడానికి అది. మనుషులకు మార్కులు వేసే పని తర్వాత తర్వాత మొదలైంది.

ఆ సంపుటాలు కొనే స్తోమత మా లైబ్రరీకి లేదు. మాకు వచ్చేది గార్ఫీల్డ్ సంస్థదే ‘కరెంట్ కంటెంట్స్’, జేబులో పట్టేంత వారపత్రిక. లోపల పత్రికల విషయసూచికలు మాత్రమే, చివర రచయితల అడ్రస్‌లు. బయోకెమిస్ట్రీ పిల్లలు దాని మీద పడి అడ్రస్ రాసుకుని, ‘తమరి పేపర్ కాపీ ఒకటి పంపగలరు’ అని కార్డు రాసేవారు. రెండు మూడు నెలలకు విదేశీ కవర్ వచ్చేది. పేపర్ వాళ్లకు, స్టాంపులు నాకు. ఇప్పటి పిల్లలు పావుగంటలో నలభై పేపర్లు దించుకుని, సగం చదవకుండానే చివర జాబితాలో పెట్టేస్తున్నారు. సరే, అది ముసలివాడి గొణుగుడు.

హెచ్-ఇండెక్స్‌కు వస్తాను. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన లెక్క ఇది. ఒకాయనకు ఐదు పేపర్లు ఉన్నాయనుకోండి. వాటికి వరసగా 90, 40, 6, 4, 1 సైటేషన్లు వచ్చాయి. నాలుగేసి సైటేషన్లకు తగ్గనివి నాలుగున్నాయి, ఐదేసి ఉన్నవి ఐదు లేవు. కాబట్టి ఆయన హెచ్ 4. ఆ 90 కాస్తా 900 అయినా హెచ్ నాలుగే. మీవాడి 43 అంటే, కనీసం 43 సార్లు సైటేషన్ వచ్చిన పేపర్లు 43 ఉన్నాయని. ర్యాంకు కానే కాదు. పైగా ఇది పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. మనిషి రిటైరై పెన్నా గట్టున కూర్చున్నా పెరుగుతూనే ఉంటుంది. ఐ10 అంటే పదికి తగ్గకుండా సైటేషన్లు ఉన్న పేపర్ల సంఖ్య. అది పత్రంలో వదిలేయండి, గూగుల్ వాళ్లు తప్ప దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

టాప్ 2 శాతం అనేది అవార్డు కాదు. స్టాన్‌ఫర్డ్‌లో ఉండే జాన్ అయోనిడిస్ బృందం 2019 నుంచి స్కోపస్ అనే సైటేషన్ల ఖాతా లెక్కలతో తయారుచేస్తున్న జాబితా. అందులో పేర్లు రెండు లక్షల పైచిలుకు. దరఖాస్తు లేదు, సభ లేదు, శాలువా లేదు. కంప్యూటర్ లెక్కగట్టి దించుతుంది. ఉంటే మంచిదే, సిగ్గుపడాల్సిన పనేం లేదు. కానీ గ్రహీత అంటే ఇచ్చినవాడు ఒకడుండాలి గదా.

మీరు ఒక పని చేయండి. ఆ పేజీలో పేపర్ల పట్టిక ఉంటుంది, అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లున్నది పైన ఉంటుంది. మొదటి నాలుగైదింటిలో మీవాడి పేరు ఎక్కడుందో చూసి చెప్పండి.


పెన్నాగట్టు అయ్యవారు

బ్రౌన్ దొరతో మొదలుపెట్టి నా కళ్లు తెరిపించారు, లైబ్రేరియన్ గారూ. యతిభంగం ఉదాహరణ విన్నప్పటి నుంచి నవ్వు ఆగడం లేదు. మా ఊళ్లో ఒకాయన కవిత్వానికి వచ్చే సైటేషన్లన్నీ ఆ లెక్కలోవే.

మీరు చెప్పినట్టే మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. మొదటి పేపర్ ఒక్కదానికే 4,106 ఉన్నాయి. ఎంత సంతోషించానో, రచయితల పేర్లు విప్పాక అంత బిత్తరపోయాను. 96 మంది! వీడు 37వ వాడు. ముగ్గురు కలిసి రాసిన భారతానికే, ఎవరు ఎక్కడ ఆపారు, ఎవరు ఎక్కడ అందుకున్నారు అని వందల ఏళ్లుగా పంచాయితీ పెట్టుకుంటున్నాం. 96 మంది కలిసి రాయడం ఏమిటండీ? ఎవరి పద్యం ఏదని చెప్తారు?

కింద మూడు నాలుగు పేపర్లలో మాత్రం పేర్లు ఆరేడే. రెండింటిలో వీడిది మొదటి పేరు, ఒకదాంట్లో చిట్టచివర. చివర వేశారంటే చిన్నచూపు చూసినట్టా? వాటి పేర్లలో ‘టీ790ఎం’ అనేది పదే పదే వస్తోంది. బస్సు నంబర్ మాదిరి ఉంది.


ల్యాబ్‌లో రాత్రి షిఫ్టు (కడప)

సార్, నేను పీహెచ్‌డీ మూడో ఏడాది. చివరి పేరు చిన్నచూపు కాదు సార్, అదే పెద్ద పీట. మా రంగంలో చేతులారా ప్రయోగం చేసినవాళ్లది మొదటి పేరు, ల్యాబ్ నడిపించి డబ్బు తెచ్చి బాధ్యత మోసేవాళ్లది చివరి పేరు. అంటే మీ శిష్యుడు ఆ రెండు పేపర్లప్పుడు బెంచి దగ్గర నిలబడి పనిచేశాడు, మూడోదానికి వచ్చేసరికి తనకంటూ ల్యాబ్ వచ్చింది. ఆయన కెరీర్ మొత్తం ఆ మూడు పేర్లలోనే ఉంది. అంకెల కన్నా అది చూడండి.

96 మంది సంగతి. క్యాన్సర్‌లో కొన్ని పనులు ఒక ల్యాబ్ వల్ల కావు. అమెరికాలో టీసీజీఏ అని క్యాన్సర్ జన్యువుల ప్రాజెక్టు 2006లో మొదలై పన్నెండేళ్లు నడిచింది. 33 రకాల క్యాన్సర్లు, 11 వేల మందికి పైగా రోగుల గడ్డలు. ఒకరు గడ్డలు సేకరిస్తారు, ఒకరు డీఎన్‌ఏ తీస్తారు, ఒకరు చదువుతారు, ఇంకొకరు లెక్కలు కడతారు. అందరి పేర్లూ పడతాయి. ఆ తర్వాత ప్రపంచంలో ఎవరు ఆ సమాచారం వాడుకున్నా ఆ పేపర్‌ను చూపిస్తారు, 96 మంది ఖాతాల్లోనూ ఒక్కొక్కటి పడుతుంది. పెళ్లికి ఊరంతా చదివింపులు రాయించినట్టు కాదు సార్, ఒకే చదివింపు ఊరందరి పుస్తకాల్లోనూ రాసుకున్నట్టు.

టీ790ఎం నాకు ఇష్టమైన కథ, చెప్పనివ్వండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కొందరిలో ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్ చెడిపోవడం వల్ల పెరుగుతుంది. దానికి ఆ ప్రోటీన్‌లోని ఒక గుంటలో దూరి కూర్చునే మాత్రలు ఉన్నాయి, జెఫిటినిబ్, ఎర్లోటినిబ్. ఎవరికి అవి బాగా పట్టుకుంటాయో, ఎందుకు పట్టుకుంటాయో 2004లో తేలింది. మంచం మీద ఉన్నవాళ్లు లేచి తిరిగారు. అయితే ఏడాది అటూ ఇటూగా మందు పనిచేయడం మానేస్తుంది. ఎందుకని గడ్డ ముక్కను మళ్లీ తీసి చూస్తే, చాలామందిలో ఆ ప్రోటీన్‌లో 790వ చోట థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది మెథియోనిన్ అయి ఉంది. ఆ టీ, ఆ ఎం ఇవే. ఒక్క అక్షరం మారింది. మెథియోనిన్ కొంచెం లావు, గుమ్మంలో అడ్డం నిలబడినట్టు ఉంటుంది. ఇది 2005లో బయటపడింది. ఆ మార్పు ఉన్నా పనిచేసే ఒసిమెర్టినిబ్‌కు అమెరికాలో 2015 నవంబర్‌లో అనుమతి వచ్చింది. మధ్యలో ఆ పదేళ్లు ఎంతోమంది, ఏ మందు ఎందుకు ఓడిపోతోంది, ఇంకే దారిలో క్యాన్సర్ తప్పించుకుంటోంది అని వెతికారు. మీ శిష్యుడు ఆ గుంపులోవాడు.

అందుకే ‘మందు కనిపెట్టిన’ అని మాత్రం రాయకండి. రాస్తే ఆయన కచ్చితంగా నవ్వుకుంటాడు.

ఇంకొకటి. ఎక్కువ సైటేషన్లుంటే నిజమైపోదు సార్. మా గైడ్ మొదటి వారంలోనే మాకు డ్యూక్ యూనివర్సిటీ కేసు చదివించారు. ఏ రోగికి ఏ కీమో పడుతుందో జన్యువులను బట్టి ముందే చెప్పొచ్చని 2006లో నేచర్ మెడిసిన్ పత్రికలో పేపర్ వచ్చింది. అందరూ ఎగబడి సైట్ చేశారు, రోగుల మీద ట్రయల్స్ కూడా మొదలయ్యాయి. ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రిలో బాగర్లీ, కూంబ్స్ అనే ఇద్దరు లెక్కలవాళ్లు ఆ డేటాను తిరగేస్తే, జన్యువుల పట్టికలో వరుస ఒక గడి కిందికి జారి ఉంది. కొన్నిచోట్ల మందు పనిచేసేవాళ్లకు ‘పనిచేయదు’ అనే చీటీ, పనిచేయనివాళ్లకు ‘పనిచేస్తుంది’ అనే చీటీ తారుమారయ్యాయి. 2011 జనవరిలో ఆ పేపర్ వెనక్కి తీసుకున్నారు. అప్పటికి పడిన సైటేషన్లు మాత్రం పడ్డట్టే ఉన్నాయి. అప్పటి నుంచి నేను ఎక్సెల్ షీట్ తెరిస్తే మొదటి గడి రెండుసార్లు చూస్తాను. టెన్షన్.


కొండారెడ్డి బురుజు నీడ (కర్నూలు)

అయ్యవారూ నమస్తే. నేను సైన్సు చదవలేదు, బ్యాంకులో పనిచేస్తాను. అందరూ కలిసి ఆ అంకెను మరీ తీసిపారేస్తున్నారనిపించి రాస్తున్నాను.

2019లో మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. బయాప్సీ రిపోర్టులో ‘హెర్-2: 2 ప్లస్’ అని వచ్చింది. హెర్-2 అంటే కొన్ని రొమ్ము గడ్డల్లో ఎక్కువగా ఉండే ప్రోటీన్. 3 ప్లస్ అయితే ఉన్నట్టు, సున్నా, ఒకటి అయితే లేనట్టు, రెండైతే తేలనట్టు. తేల్చాలంటే జన్యువు కాపీలు లెక్కపెట్టే ఫిష్ అనే పరీక్ష చేయాలన్నారు. ‘చేపల పరీక్షా? మనం తినం గదా’ అంది అమ్మ. గడ్డ ముక్కను హైదరాబాద్ పంపారు. రిపోర్టు వచ్చే వరకు మాకు నిద్ర లేదు. ఆ రాత్రుల్లో ఫోన్లో హెర్-2 గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన ప్రతి వ్యాసం చివరా ఒకే పేరు వస్తోంది, స్లామన్ 1987, స్లామన్ 1987.

అదేంటని పోయి చూశాను. లాస్ ఏంజెలెస్‌లో డెనిస్ స్లామన్ అనే డాక్టరు, తోటివాళ్లు కలిసి 189 మంది రొమ్ము గడ్డలు పరీక్షించారు. దాదాపు 30 శాతం గడ్డల్లో హెర్-2 జన్యువు ఉండాల్సినదానికన్నా ఎన్నో ఎక్కువ కాపీలుగా పెరిగి ఉంది, వాళ్లలో జబ్బు త్వరగా తిరగబెడుతోంది. అంతవరకే ఆ పేపర్. మందు లేదు, ఏమీ లేదు. ఎవరికి చెడు జరుగుతుందో చెప్పింది, అంతే. కానీ దాన్ని పట్టుకుని పదకొండేళ్లకు, 1998లో, ట్రాస్టుజుమాబ్ అనే మందు వచ్చింది. 2014లో మన దేశంలోనే తయారైన బయోసిమిలర్, అంటే దానికి సాటి మందు, వచ్చింది. మా అమ్మకు ఫిష్ పాజిటివ్ అని తేలాక మూడు వారాలకొకసారి ఏడాదంతా ఎక్కించింది అదే. ఆ ఏడాదంతా సెలైన్ స్టాండు పక్కన కూర్చుని లెక్కలు రాసుకున్నదాన్ని నేనే. ఖర్చు సంగతి ఇక్కడ వద్దు.

నేను చెప్పేది ఏమంటే, ఆ 1987 పేపర్‌ను చూపించిన వేల మందిలో ఎవరో ఒకరు మందు చేశారు, ఎవరో మోతాదు తేల్చారు, ఎవరో గుండె మీద దాని ప్రభావం చూశారు. అమ్మకు మూడు నెలలకొకసారి ఎకో తీయమన్నది అందుకే. ఒక్కో సైటేషన్ ఒక్కో మనిషి చేసిన పని. దాన్ని ఉత్త అంకె అనడం నాకు నచ్చలేదు. 11,412ను పెద్దక్షరాల్లో వేయకపోయినా సరే, తీసేయకండి. అమ్మ బాగుంది. నిన్న పొద్దున ఉగ్గానిలో కారం తక్కువైందని నా మీద కేకలేసింది.


పాత లైబ్రేరియన్ (అనంతపురం)

అమ్మా, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. నేను మరీ లెక్కలకే పోయాను. అమ్మగారు బాగున్నందుకు సంతోషం.

అయ్యవారు అడిగిన సుబ్బారావు గారి పోలిక ఒకటి మిగిలింది. ఆయన పేరు మీద వేల సైటేషన్లు ఉన్న పేపర్ క్యాన్సర్‌ది కాదు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రాసిన, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి. ఇలాంటివాటికి సైటేషన్లు అట్లనే వచ్చిపడతాయి, ఎందుకంటే కొలిచిన ప్రతివాడూ ఏ పద్ధతితో కొలిచాడో చెప్పాలి. ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైటేషన్లున్న పేపర్ కూడా అట్లాంటిదే, ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతి, 1951. నేచర్ పత్రిక 2014లో లెక్కపెడితే మూడు లక్షలు దాటింది.

మరి క్యాన్సర్ సంగతి? లెడర్లీ అనే మందుల కంపెనీలో సుబ్బారావు గారి బృందం చేసిన అమైనోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఆ పేపర్ రచయితలు ఐదుగురు. అందులో సుబ్బారావు గారి పేరు లేదు. ఆ ఆగస్టులో ఆయన పోయారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ లుకేమియా పిల్లలకు ఇస్తున్నారు. గూగుల్ స్కాలర్ అప్పుడుండి ఉంటే, ఆ ఐదుగురి పేజీల్లో పడేది గానీ ఆయన పేజీలో పడేది కాదు. కాబట్టి సైటేషన్ల పక్కన సుబ్బారావు గారి పేరు పెట్టి పోల్చడం ఇద్దరికీ న్యాయం కాదు. పోలిక వద్దు.


పెన్నాగట్టు అయ్యవారు

అందరికీ దండాలు. కర్నూలు తల్లీ, మీ అమ్మగారి చేపల మాట మా ఆవిడకు చదివి వినిపించాను. కడప నాయనా, నువ్వు చెప్పిన గుమ్మం పోలిక పత్రంలో వాడుకుంటున్నాను, నీ పేరు వేయలేను, తప్పుగా అనుకోవద్దు. ఇది కూడా సైటేషన్ ఎగ్గొట్టినట్టే గదా.

ఉండబట్టలేక వాడికి ఫోన్ చేసి సన్మానం సంగతి చెప్పేశాను. రానని అనలేదు. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఒకే ఒక్కటి అడిగాడు. ‘సార్, ఫ్లెక్సీలో డాక్టర్ అని పెద్దగా వేయించొద్దు. పోయినసారి అమ్మ కర్మాంతరాలకు వచ్చినప్పుడు తొమ్మిది మంది స్కాన్ రిపోర్టులు పట్టుకుని వచ్చారు. నేను గిన్నెల్లో పెరిగే కణాలనూ ఎలుకలనూ తప్ప రోగిని ముట్టుకున్నవాణ్ణి కాను. వాళ్ల మొహాలు చూస్తూ ఆ మాట చెప్పలేకపోయాను.’ దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఆ పెద్దమనిషి చెప్పినట్టు ‘మందు కనిపెట్టిన’ అని వేసుంటే తొమ్మిది కాదు, తొంభై మంది వచ్చేవారు. ఎంత దూరం నుంచి వచ్చేవారో.

ఆ 96 మంది పేపర్ గురించి కూడా అడిగాను. ‘అందులో నేను చేసింది నాలుగు నెలలు ఫ్రీజర్ పక్కన నిలబడి, వచ్చిన ప్రతి ముక్కలో ఆర్‌ఎన్‌ఏ పాడైందా లేదా అని చూడటం సార్. పాడైనవి పక్కన పెట్టడం. బియ్యంలో రాళ్లు ఏరడం మాదిరి’ అన్నాడు. మా ఆవిడ పక్కనుంచి ‘ఆ పని లేకపోతే అన్నం తినేదెట్లా’ అంది.

వచనం ఇలా కుదిరింది: ‘ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే మందు కొన్నాళ్లకు ఎందుకు ఓడిపోతుందో, ఏ గుమ్మంలో ఏ అక్షరం అడ్డం నిలబడుతుందో ఏళ్ల తరబడి వెతుకుతున్నవారిలో మీరొకరు. మీరు రాసినదాన్ని ఆధారం చేసుకుని దేశదేశాల పరిశోధకులు తమ పనిలో పదకొండు వేల సార్లకు పైగా మీ మాటను ఉదాహరించారు.’ కర్నూలు తల్లి కోసం అంకె ఉంచాను. 43, 71, 2 శాతం తీసేశాను. కమిటీలో ఒకాయన అలిగాడు. ‘వారిలో ఒకరు’ ఏమిటి, అంత చిన్నగా రాస్తే సన్మానం ఎందుకు అన్నాడు. టీ తాగించి పంపించాను.

ఇక ఫ్లెక్సీ. బంగారు అక్షరాలన్నీ తీసేయిస్తే కుడివైపు అంతా ఖాళీగా ఉందని ఆ అబ్బాయి గొడవ. అక్కడ కప్ప గుండె బొమ్మ వేయమన్నాను. గూగుల్లో వెతికి మనిషి గుండె దించి పంపాడు. ఎవరి దగ్గరైనా పాత తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం ఉంటే, ఆ పేజీ ఫోటో తీసి శుక్రవారం లోపల పెట్టండి. గదులు మూడే ఉండాలి, నాలుగు కాదు. వాడు చూస్తాడు.